జాకెట్ పరీక్ష

నా భార్య ప్రభావతి దేన్నీ ఊరికే నమ్మదు. గన్‌ఫౌండ్రీలో ఒక బడిలో ఇరవై ఆరేళ్లుగా సైన్సు చెబుతోంది, ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పాలవాడు చిక్కటి పాలంటే గోటి మీద చుక్క వేసి, అది జారే తీరు చూసి గానీ గిన్నె పట్టదు. మొజంజాహీ మార్కెట్లో బత్తాయిలాయన "తియ్యగుంటయమ్మా" అంటే ఒకటి ఒలిపించి ముందు ఆయన్నే తినమంటుంది, తింటున్నంతసేపూ ఆయన మొహం చూస్తుంది. అలాంటి మనిషితో ముప్ఫయ్యేళ్లు కాపురం చేశానంటే నేను ఎన్ని పరీక్షలు రాసి ఉంటానో మీరే ఊహించుకోండి.

నా పేరు భావనారాయణ. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఆడవాళ్ల బట్టలు కుడతాను. కింద దుకాణం, పైన ఇల్లు. నా గురించి గొప్పగా చెప్పుకోవాల్సింది ఒక్కటే. నా దగ్గరికి వచ్చిన ఏ ఆడమనిషికీ లావయ్యావని చెప్పిన పాపాన పోలేదు. ప్రతి జాకెట్‌కూ రెండు పక్కలా కుట్టు లోపల కొంత గుడ్డ మడిచి వదిలిపెడతాను. రెండేళ్లకో మూడేళ్లకో జాకెట్ పట్టడం లేదని తెచ్చిస్తే, "ఉతుకుల్ల గుడ్డ దగ్గరపడ్డదమ్మా" అని నెపం గుడ్డ మీద వేసి, పాత కుట్టు విప్పి, అంచు వైపు జరిపి కొత్త కుట్టు వేసి ఇస్తాను. ఆవిడ సంతోషంగా వెళ్తుంది, గుడ్డ ఎటూ నోరెత్తదు. ఇది మోసమని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మర్యాద అనుకున్నాను.

మా ఎదురింటి పై వాటాలో వైశాలి అనే అమ్మాయి ఉంటుంది. పగలు ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం మొహానికి రాసుకునే క్రీములూ ఒళ్లు తగ్గించే పొడులూ అమ్ముతుంది. మాట మంచిది, మనిషీ మంచిదే. తను అమ్మే వస్తువును తను పూర్తిగా నమ్ముతుంది, వచ్చిన చిక్కల్లా అదే. మొదట ఒక క్రీము తెచ్చి, నెల రోజుల్లో మొహం మెరుస్తుందని ప్రభావతికి చెప్పింది.

"మెరుస్తదో లేదో నేను చెప్త," అంది ప్రభావతి. ఆ రోజు నుంచి క్రీము ఒక్క చెంపకే రాసుకుంది. ఏ చెంపకో నాకు చెప్పలేదు. ప్రతి ఆదివారం పొద్దున కిటికీ దగ్గర నిలబడి, "ఏ చెంప మంచిగున్నది, చెప్పున్రి," అనేది. మొదటి వారం ఎడమది అన్నాను. రెండో వారం కుడిది అన్నాను. మూడో వారం భయపడి రెండూ అన్నాను. నాలుగు వారాలయ్యాక తన నోటుపుస్తకంలో రాసుకున్నది చదివి వినిపించింది. "చెంపలకు తేడా లేదు. వాసన బాగుంది. సాక్షి ఊహించి చెబుతున్నాడు." సాక్షి అంటే నేనే.

వైశాలి ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. మరుసటి వారమే ఒక పచ్చ డబ్బా తెచ్చింది.

"క్రీము సంగతి ఇడ్చిపెట్టున్రి మేడమ్. గీ పౌడర్ చూడున్రి. రాత్రి తిండి బదులు గ్లాసు నీళ్లల్ల కలుపుకొని తాగాలె, గంతే. రెండు నెలల్ల నాలుగు ఇంచులు తగ్గుతరు. నన్ను చూడున్రి, నేను తగ్గలేదా?"

బడిలో ల్యాబ్ మూడో అంతస్తులో ఉంది. అక్కడికి ఎక్కేసరికి ప్రభావతికి ఆయాసం వస్తోంది. మేడమ్ వెనకబడిందని పిల్లలు మెట్ల మలుపులో ఆగి ఎదురుచూస్తున్నారట. పిల్లలు మర్యాదగానే ఆగుతున్నారు, కానీ ఆమెకు అది మింగుడు పడలేదు. డబ్బా తీసుకుంది.

"తగ్గిందీ లేందీ ఎట్ల తెలుస్తది?" అని తనే అడిగి తనే ఆలోచించింది. "బరువు మిషన్ పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్తది. టేపేమో మీ చేతిల ఉంటది. నన్ను సంతోషపెట్టనీకి మీరు జర గట్టిగ గుంజుతరు. మీ సంగతి నాకు ఎర్కలేదా."

అబిడ్స్ అంతా నా టేపును నమ్ముతుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, నా ఇంట్లో మాత్రం దానికి విలువ లేదు.

చివరికి బీరువాలోంచి నెమలికంఠం రంగు పట్టు జాకెట్ ఒకటి తీసింది. ఏడేళ్ల కిందట తన చెల్లెలి గృహప్రవేశానికి నేనే కుట్టాను. ఇప్పుడు తొడుక్కుంటే హుక్కులకూ కాజాలకూ మధ్య వేలున్నర సందు.

"గిదే నా పరీక్ష," అంది. "వారానికి ఒకసారి తొడుక్కుంట. హుక్కులు పడ్డయంటే పౌడర్ పనిచేసినట్టు, ఆ రోజే తాగుడు ఆపేస్త. గుడ్డకు మొహమాటం లేదు."

మొదటి రోజు కొలత కూడా, నన్ను దూరంగా నిలబెట్టి, తనే టేపు చుట్టుకుని నోటుపుస్తకంలో రాసుకుంది. నలభై ఒక్క ఇంచులు. జాకెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

మొదటి రెండు వారాలు సరదాగానే గడిచాయి. మూడో వారం నుంచి ఇంట్లో చప్పుడు తగ్గింది. మామూలుగా ప్రభావతి నన్ను రోజుకు నాలుగుసార్లు తిడుతుంది. కత్తెర మంచం మీద పెట్టినందుకు, చాయ్ గ్లాసు కుట్టుమిషన్ మీద మరిచినందుకు, ఏమీ దొరక్కపోతే ఏమీ చేయకుండా కూర్చున్నందుకు. ఆ తిట్లు ఆగిపోయాయి. నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని ఆ పచ్చటి నీళ్లు తాగి, నా కంచం వైపు చూడకుండా లేచిపోయేది. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోవడం రెండుసార్లు చూశాను. ఆరో ఆదివారం జాకెట్ తీసుకుని లోపలికి వెళ్లి ఎంతకూ బయటికి రాలేదు. వెళ్లి చూస్తే మంచం మీద కూర్చుని ఉంది, జాకెట్ ఒళ్లో ఉంది.

"ఇంకా ఒక వేలు సందు ఉన్నది," అంది. "నాతోని అయితలేదండి."

ముప్ఫయ్యేళ్లలో ఆ మాట ఆమె నోట వినలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"హుక్కులు తుప్పు పట్టినయి ప్రభా," అన్నాను. "పట్టు చినుగుతది. ఇటియ్యి, కొత్తవి వేస్త."

ఇంకోరోజైతే తుప్పు చూపించమనేది. ఆ రోజు చూడకుండానే ఇచ్చేసింది.

మర్నాడు ఆమె బడికి వెళ్లాక హుక్కులు మార్చాను. తుప్పు నిజంగానే ఉంది. తర్వాత సగం బ్లేడు తీసుకుని రెండు పక్కల కుట్లూ విప్పి, మొత్తం మీద ఒక ఇంచు వదులు చేసి, మళ్లీ కుట్టి, పాత సూది గుర్తులు పోయేదాకా ఇస్త్రీ చేశాను. హుక్కులు పడితే పొడి మానేస్తుంది, రాత్రికి అన్నం తింటుంది, నన్ను తిడుతుంది. నా ఆశ అంతే.

తర్వాతి ఆదివారం పొద్దున నేను దుకాణంలో ఒకావిడకు కొలతలు తీస్తుంటే ప్రభావతి మెట్లు దిగి వచ్చింది. ఇంట్లో కట్టుకునే నేత చీర, దాని మీద పట్టు జాకెట్. "పడ్డయి," అంది. "అన్ని హుక్కులు పడ్డయి." అని చేతులు చాచి ఒక చుట్టు తిరిగి చూపించింది. యాభై రెండేళ్ల మనిషి, పరాయివాళ్ల ముందు, దుకాణం మధ్యలో. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఆ సంతోషం చూశాక చెప్పబుద్ధి కాలేదు, అది మాత్రం ఒప్పుకుంటాను.

ఇక పచ్చ డబ్బా పీడ విరగడైందనుకున్నాను. సాయంత్రానికి వైశాలి వచ్చింది.

"ఇప్పుడు ఆపితే మళ్ల వస్తది మేడమ్. ఇంకో మూడు నెలలు తాగాలె," అంది. ప్రభావతి సరేనంది. వైశాలి అక్కడితో ఆగలేదు. వచ్చే ఆదివారం నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక హాల్లో మీటింగుందనీ, నలభై మంది ఆడవాళ్లు వస్తారనీ, మేడమ్ ఆ జాకెట్ తొడుక్కుని వచ్చి నాలుగు మాటలు చెప్పాలనీ అడిగింది.

"చెప్త," అంది ప్రభావతి. "పరీక్ష చేసిన, ఫలితం వచ్చింది. వచ్చినంక దాచిపెట్టుకునుడు తప్పు."

ప్రభావతికి నగలూ లేవు, నాణ్యాలూ లేవు, ఉన్నదల్లా ఒక మాట. ఏ కుక్కరు కొనాలన్నా, పిల్లవాడికి జ్వరమొస్తే ఏ డాక్టరు దగ్గరికి పోవాలన్నా మా సందులో వాళ్లు ఆమెనే అడుగుతారు, ఆమె చెప్పాక ఇంకొకరిని అడగరు. ఆ మాటను నలభై మంది ముందు నేను అబద్ధం చేయబోతున్నాను. సోమవారం చెబుదామనుకున్నాను, ఉపన్యాసం రాసుకుంటోంది. బుధవారం నోరు తెరిచాను, "జర చప్పుడు చేయకున్రి, ముగింపు కుదుర్తలేదు," అంది. శుక్రవారం నాకే ధైర్యం చాల్లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం మాతో మాబెల్ టీచరమ్మ కూడా బయల్దేరింది. మెదక్ మనిషి, మిషన్ బడిలో ముప్ఫై ఏళ్లు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరైంది, మా సందు చివర ఉంటుంది. ఆమెకు పదిహేనేళ్లుగా షుగరు. చర్చి నుంచి నేరుగా వచ్చి మాతో కలిసింది. ప్రభావతి నాలుగడుగులు ముందు నడుస్తూ, పెదవులు కదుపుతూ, ఉపన్యాసం వల్లె వేసుకుంటోంది. మాబెల్ టీచరమ్మ నా పక్కన నెమ్మదిగా నడుస్తూ రహస్యం చెప్పినట్టు చెప్పింది.

"రేపటి సంది నేను కూడ మొదలుపెడ్తున్న నారాయణా. షుగర్ గోలీలు బంద్ చేస్త. పౌడర్‌తోని ఒళ్లు తగ్గితె షుగర్ కూడ తగ్గుతది గద, ఇంక అవెందుకు."

"డాక్టరును అడిగిన్రా టీచరమ్మా?"

"ప్రభ చెప్పినంక డాక్టరెందుకు. పరీక్ష చేయంది ఆ పిల్ల ఒక్క మాట అనది గద."

అప్పటిదాకా ఇది మా ఇంట్లో మొగుడూ పెళ్లాల సంగతి అనుకున్నాను. ఆ క్షణంలో ప్రభావతిని ఆపి చెప్పేయాల్సింది. కానీ మేం అప్పటికే హాలు మెట్ల దగ్గర ఉన్నాం, వైశాలి ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

హాల్లో కుర్చీలన్నీ నిండాయి. బల్ల మీద పచ్చ డబ్బాలు గోపురంలా పేర్చారు. వైశాలి ప్రభావతిని పరిచయం చేసి, చప్పట్లు కొట్టించి, ఆవిడ నోరు తెరిచేలోపు గుమ్మం దగ్గర నిలబడ్డ నన్ను చూసింది.

"టైలరంకుల్ కూడ వచ్చిన్రు. అబిడ్స్‌ల ఈయన టేపు తెల్వనోళ్లు లేరు. అంకుల్, పైకి రాండి. మేడమ్ తగ్గిందా లేదా, మీరే చెప్పున్రి."

కుడితిలో పడ్డ ఎలుకలా స్టేజీ మీద నిలబడ్డాను. ప్రభావతి నా వైపు చూసి నవ్వింది. మొగుడు సాక్ష్యం చెబుతున్నాడని గర్వంగా నవ్వింది. రెండో వరుసలో మాబెల్ టీచరమ్మ సరిగ్గా వినబడాలని ముందుకు వంగి కూర్చుంది.

"జాకెట్ పట్టింది, నిజమే," అన్నాను. "ఎందుకంటే నేను కుట్లు విప్పిన. హుక్కులు మారుస్తనని తీస్కొని, పక్కలు విప్పి ఇంచు లూజు చేసిన. అది పౌడర్ మహిమ కాదు. ప్రభకు ఏం తెల్వది. తప్పంత నాది."

"అంకుల్ జోక్ చేస్తున్నరు," అంది వైశాలి. ఎవరూ నవ్వలేదు.

ప్రభావతి నన్ను చూడలేదు. ఎడమ చెయ్యి కొంచెం ఎత్తి పక్క కుట్టు చూసుకుంది. ఏడేళ్లు మడత లోపల ఉన్న పట్టు కాబట్టి, అక్కడ సన్నటి చార ఒకటి మిగతా గుడ్డకన్నా కొత్తగా మెరుస్తోంది. నా ఇస్త్రీ సూది గుర్తులను దాచింది గానీ రంగును దాచలేకపోయింది. పరీక్ష పేపర్లో తప్పు దొరికినప్పుడు ఆడించినట్టే తల ఆడించింది. ఉపన్యాసం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని మైకు అందుకుంది.

"పరీక్ష రద్దయింది," అంది. "రద్దయిన పరీక్ష మళ్ల పెట్టాలె. టీచరమ్మా, మీరు జర పైకి రాండి. టేపు ఈయన జేబుల ఉంటది."

మాబెల్ టీచరమ్మ వచ్చి నా టేపు తీసుకుంది. ఒకసారి కొలిచింది, నమ్మకం కలగక ఇంకోసారి కొలిచి, ప్రభావతి చెవిలో చెప్పింది. నాకు తెలిసి ఏ ఆడమనిషీ తన కొలత నలుగురిలో చెప్పదు. నా దుకాణంలో పరదా వెనక కూడా గుసగుసగానే చెబుతారు. ప్రభావతి మైకులో చెప్పింది.

"మొదటి రోజు నలభై ఒకటి. ఇయ్యాల నలభై ఒకటికి పావు తక్కువ. ఎనిమిది వారాలు రాత్రి తిండి మానుకుంటె పావు ఇంచు తగ్గిన. డబ్బా మీద నాలుగు అని రాసి ఉన్నది. రాత్రి మానుకున్నది మధ్యాహ్నం స్టాఫ్‌రూంల తిన్న, అది కూడ చెప్పాలె. అందరి టిఫిన్లల్ల చెయ్యి పెట్టిన."

హాలంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక ఆమె వైశాలి వైపు తిరిగింది. "నువ్వు తగ్గింది మాత్రం నిజమే గద. అప్పుడేం జరిగింది, యాది చేస్కొని చెప్పు."

వైశాలి డబ్బాల గోపురాన్ని చూసింది. "టైఫాయిడ్ వచ్చింది మేడమ్. అది పోయినంక బలానికని పౌడర్ మొదలుపెట్టిన." చెబుతూ చెబుతూ తనే నవ్వేసింది. "ఇప్పుడు బయటికి చెప్తుంటె నాకే సమజ్ అయితున్నది."

అప్పుడు మాబెల్ టీచరమ్మ మైకులో అడిగింది. "అయితే నా షుగర్ గోలీలు బంద్ చేయొద్దా ప్రభా?"

ప్రభావతి చటుక్కున ఆమె వైపు తిరిగింది. "గోలీలు బంద్ చేద్దామనుకున్నరా? నా మాట పట్టుకొనా?" అని ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "వద్దు టీచరమ్మా. డాక్టరు చెప్పకుంట ఒక్కటి కూడ మానొద్దు." ఆ తర్వాత, నేను తప్పు ఒప్పుకున్నాక మొదటిసారి, నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆ రోజు ఒక్క డబ్బా కూడా అమ్ముడుపోలేదు. అయినా ఎవరూ త్వరగా ఇళ్లకు పోలేదు. ఏ క్రీము రాస్తే ఏమైందో, ఏ పొడి తాగితే ఏం కాలేదో ఒకరికొకరు చెప్పుకుంటూ చాయ్ తెప్పించుకుని కూర్చున్నారు. వైశాలి కూడా కుర్చీ లాక్కుని వాళ్లతోనే కూర్చుంది.

తిరుగు దారిలో కూడా ప్రభావతి నాలుగడుగులు ముందే నడిచింది. కోపమా అని అడిగాను.

"కోపం కాదు, సిగ్గైతున్నది. హాల్ల కాదు, హాల్ల సిగ్గెందుకు. ఆ ఆదివారం దుకాణంల చుట్టు తిరిగి చూపెట్టిన గద. మీరు అంత తెలిసి చూస్కుంట నిలబడ్డరు."

"నీ కోసమే చేసిన ప్రభా. నువ్వు తినకుంటె చూడలేకపోయిన."

"అయితే తినమని చెప్పాలె. కూసోబెట్టి కొట్లాడాలె. కొట్లాడితె వింటుంటి. నన్ను చిన్నపిల్లను చేసి నమ్మించుడెందుకు."

చేసింది మర్యాద అనుకున్నాను గానీ, ఆమె మర్యాదే తీశానని అప్పుడు తెలిసింది. చాలా బాధపడ్డాను.

ఇంటికి వచ్చి ఆమె పప్పూ అన్నం రెండుసార్లు పెట్టుకుని తింది. తిన్నాక నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఆరు వారాల బాకీ ఒక్క పూటలో తీర్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాటి నుంచి పొద్దున్నే మాబెల్ టీచరమ్మను వెంటబెట్టుకుని పబ్లిక్ గార్డెన్లో నడవడానికి వెళ్తోంది. సంగతి అబిడ్స్ అంతా పాకింది. నా ఖాతాదార్లు పాత జాకెట్లు తెచ్చి, తిరగేసి, లోపలి మడతలు వెతికి చూసుకున్నారు. ఒక్కరూ కోప్పడలేదు. ఇద్దరు మాత్రం ఇంకా ఎంత గుడ్డ మిగిలిందని అడిగారు.

శిక్ష ఇంట్లో పడింది. ప్రభావతి నా మాట దేన్నీ నమ్మడం మానేసింది. కూర బాగుందంటే గిన్నెలో వేసుకుపోయి టీచరమ్మకు రుచి చూపించేది. వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి చాపి చూసేది. "మంచిగున్నవు" అంటే అద్దం దగ్గరికి పోయి తనే చూసుకునేది. పోట్లాడినా బాగుండేది. ఇది పోట్లాట కాదు, నా మాటకు ఇంట్లో చెల్లుబాటు లేకుండా పోయింది. రెండు నెలలు అలాగే గడిచాయి.

వాళ్ల బడి వార్షికోత్సవానికి మామిడిపండు రంగు చీర కొనుక్కుంది. జాకెట్ నేనే కుట్టాను. సాయంత్రం తయారై వచ్చి, అలవాటు కొద్దీ "ఎట్లున్న?" అంది. వెంటనే చెయ్యి ఊపింది. "వద్దులెండి. మీరెట్లయిన మంచిగున్నవనే అంటరు."

ముప్ఫయ్యేళ్లలో మొదటిసారి, జవాబు చెప్పే ముందు ఆమెను నిజంగా చూశాను.

"ఆ రంగు నీకు నప్పలేదు," అన్నాను. "మొహం వాడినట్టు కొడుతున్నది. కుడి భుజం జర ఎక్కింది కూడ. అది నా కుట్టు తప్పు."

అన్నాక భయమేసింది. ఆమె లోపలికి వెళ్లింది. తలుపు మూసిన చప్పుడు వినిపించింది. ఈ పూట వార్షికోత్సవం నాకే జరుగుతుందనుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. పావుగంటకు పాత ఇటుకరంగు నేత చీరలో బయటికి వచ్చింది.

"ఇప్పుడు?"

మళ్లీ చూశాను. తొందరపడలేదు.

"ఇప్పుడు మంచిగున్నవు."

ఆమె నా మొహంలోకి కొంచెంసేపు చూసింది, బత్తాయిలాయనను చూసినంతసేపు కాదు. అద్దం వైపు తిరగలేదు. "పదున్రి, ఆలస్యమైతున్నది," అని హ్యాండ్‌బ్యాగు తీసుకుని మెట్లు దిగింది.